పాటలో పోసిన నీళ్లు

పొగిడినప్పుడు తల దించుకునే మనిషిని మనం వినయవంతుడంటాం. మునిరాజును కూడా హోసూరులో అందరూ అలాగే అనుకున్నారు. ఎవరైనా ఎదురొచ్చి "నీ పాట విన్నామప్పా, ఒళ్లు జలదరించింది" అంటే చాలు, అతను చూపు నేలకు దించి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కకు తప్పుకునేవాడు. "ఇంత పేరొచ్చినా గర్వం లేదు చూడు" అని వెనక అనుకునేవాళ్లు. అనుకోవడానికి వాళ్లదేం పోయింది. గర్వం లేకపోవడం వేరు, మొహం చెల్లకపోవడం వేరు. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, అంతే.

మునిరాజుది హోసూరు దగ్గరి జవళగిరి అనే పల్లె. అడవి అంచున ఒకటిన్నర ఎకరం రాగి చేను, డజను గొర్రెలు, మోకాళ్ల నొప్పుల తల్లి, ఇదీ అతని సంసారం. వయసు ముప్పై ఒకటి. తొమ్మిదేళ్లుగా హోసూరులో ఒక పోత ఇనుము కంపెనీలో గ్రైండింగ్ పని చేస్తున్నాడు. అచ్చులోంచి వచ్చిన పంపు బాడీల అంచుల వెంట అక్కరలేని ఇనుము మిగిలిపోతుంది. దాన్ని గిర్రున తిరిగే చక్రానికి ఆనించి అరగదియ్యాలి. ఆ షెడ్డులో పక్కనున్నవాడు చెవిలో నోరు పెట్టి చెప్పినా వినపడదు. అందరూ చేతి సైగలతోనే బతుకు వెళ్లదీస్తారు.

అలాంటిచోట ఒకరోజు క్రేను కొక్కేనికి వేలాడుతున్న బరువు, వెనుదిరిగి నిలబడిన ఒక కాంట్రాక్టు మనిషి నెత్తిమీదికి వస్తోంది. ముప్పై అడుగుల దూరంనుంచి మునిరాజు ఒక కేక వేశాడు. ఆ కేకకు ఆ మనిషి పక్కకు దూకాడు, క్రేను ఆగింది, షెడ్డు మొత్తం ఆగింది. మెయింటెనెన్స్ ఇంజనీరు యతీశ్ నిచ్చెన మీదనుంచి పానా జారవిడిచాడు. మనిషి బతికాడని అందరూ సంతోషించారు. యతీశ్ మాత్రం ఆ గొంతు దొరికిందని సంతోషించాడు.

"యాడ నేర్చుకున్నావప్పా ఆ కేక?" అని అడిగాడు టీ విరామంలో.

"ఏనుగుల్ని తోలేదానికి సార్. మా పక్క అందరికీ వస్తుంది."

"సారూ గీరూ వద్దు. ఆదివారం ఉద్దనపల్లికి రా. నీతో పనుంది."

ఉద్దనపల్లిలో యతీశ్ వాళ్ల నాన్న ఒకప్పుడు గులాబీలు పండించేవాడు. పూలు వాడకుండా దాచడానికి కట్టించిన కోల్డ్ రూమ్ ఒకటి ఆ వ్యాపారం మూతపడ్డాక అలాగే మిగిలింది. గోడల మధ్య జానెడు మందాన థర్మోకోల్, దానికి తోడు ఒకే ఒక్క బరువైన తలుపు. లోపల ఎంత గోల చేసినా బయట మేసే ఆవు తల కూడా ఎత్తదు. గిటార్లూ డ్రమ్సూ హోరెత్తించే తన హెవీ మెటల్ పాటల బృందాన్ని యతీశ్ అందులో పెట్టాడు. యంత్రం ఎప్పుడో పాడైపోయింది కాబట్టి ఆ చల్లటి గదిలో నలుగురూ చెమటలు కక్కుతూ వాయించేవాళ్లు. బృందం పేరు మూడో షిఫ్టు.

యతీశ్ గిటారు. డ్రమ్స్ వాయించేది తనూజ. ఆమెది తెనాలి, హోసూరులో బండ్ల విడిభాగాల కంపెనీలో క్వాలిటీ పని, పాటలు రాసేదీ ఆమే. ఇంకొకతను ప్రసాదు, బేస్ గిటారు, నోట్లో నాలుక లేని మనిషి; అతనితో మనకీ కథలో పనిలేదు. మొదటి ఆల్బమ్ పాడిన శ్రీనివాస్ పుణెకు ఉద్యోగం మారి వెళ్లిపోయాడు. అతనిది పైస్థాయిలో తీగలా సాగే గొంతు. బైకులు, ఘాట్ రోడ్లు, స్నేహాలు, అన్నీ వెలుతురు పాటలే. అతను పోయాక ఆరు నెలలు గాయకుడు లేక దిక్కులు చూస్తున్న బృందానికి మునిరాజు దొరికాడు.

ఈ సంగీతంలో గర్జించి పాడడం ఒక విద్య. తెలియనివాళ్లు గొంతు చించుకుని వారానికే మూగబోతారు. మునిరాజుకు ఎవరూ నేర్పాల్సిన అవసరం రాలేదు. పన్నెండేళ్లప్పుడే ఊళ్లో చేను కావలి మంచెమీద, చిన్నాయన వరసైన జయరామప్ప నేర్పాడు. "గొంతుతో అరిస్తే రెండు గంటలకు సచ్చిపోతుందిరా. బొడ్డు కిందనించి తియ్యి" అని పొట్టమీద అరచెయ్యి పెట్టి నొక్కి చూపించాడు. రెండు పొట్టి కేకలు, ఒక్క క్షణం ఆగి మూడోది పొడుగ్గా: అది జయరామప్ప వరస. మునిరాజు నోట అదే వరస వచ్చేది. కోల్డ్ రూమ్‌లో ఆ వరస విని తనూజ కర్రలు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

"మన పాత పాటలు ఈ గొంతుకి పనికిరావు యతీశ్. కొత్తవి రాయాలి. చీకటివి."

ఎనిమిది పాటల ఆల్బమ్ అలా మొదలైంది. దానికి 'వంతు' అని పేరు పెట్టారు. ఆ పేరూ మునిరాజు నోటినుంచి వచ్చిందే. ఒక ఆదివారం టీ తాగుతూ తనూజ అడిగింది, ఆ కేక వెనక కథేమిటని. అతను చెప్పాడు. నాలుగు చేలకు కలిపి ఒక మంచె ఉంటుందని, ఇంటికొక వంతు చొప్పున కావలి కాస్తారని, రెండేళ్ల కిందట జయరామప్ప చిన్నాయన కావలిలో ఉండగా ఏనుగు మంచె కూల్చిందని, ఆయన నాలుగు సార్లు కేక వేశాడని.

"నువ్వెక్కడున్నావ్ అప్పుడు?"

అడిగింది మామూలుగానే. మునిరాజు గ్లాసులోకి చూశాడు.

"అవతలి మంచెమీద. పరిగెత్తినాను. పోయేతలికి ఆలస్యమైంది."

ఆ రాత్రి అతను ఏ మంచెమీదా లేడు.

అది శనివారం. కంపెనీ ఉద్యోగం కదా, వారం మధ్యలో రాలేడని ఊళ్లో వాళ్లు మునిరాజుకు శనివారం వంతు కేటాయించారు. ఆ రోజు మూడింటికి డ్యూటీ దిగాడు. గదికి వచ్చి అన్నం తిన్నాడు. సన్నగా చినుకులు. లేచి, బస్టాండుకు పోయి, తళి వైపు పోయే బస్సు పట్టుకుని, దిగి, బురదలో మంచెదాకా నడవాలనుకునేసరికి ఒళ్లు బరువెక్కింది. జయరామప్పకు ఫోన్ చేశాడు. "చిన్నాయనా, కంపెనీలో ఓటీ ఏసినారు, రాత్రంతా పనుంది. ఈపొద్దుకు రాలేను." అవతల జయరామప్ప "పని ఇడిసి రావద్దులేప్పా, నేను చూసుకుంటా" అన్నాడు. మునిరాజు ఫోన్ తలకింద పెట్టుకుని దుప్పటి కప్పుకున్నాడు.

పోనీ తాగడానికి పోయాడా, సినిమాకు పోయాడా, ఎవరితోనైనా తిరగడానికి పోయాడా అంటే, అదీ లేదు. ఏదో ఒక పెద్ద తప్పు చేసి ఉంటే ఒప్పుకోవడానికైనా బాగుండేది. పడుకున్నాడు. హాయిగా నిద్రపోయాడు కూడా.

తెల్లవారి ఫోన్ వచ్చింది. మొదటి బస్సుకు పోయేసరికి జయరామప్పను అరుగుమీద పడుకోబెట్టి ఉన్నారు. అవతలి చేల వాళ్లు నాలుగు కేకలు విన్నారు, కానీ మామూలుగా తోలే కేకలే అనుకున్నారు. ప్రాణం వెంటనే పోలేదని, చాలాసేపు ఉండి ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్నాక జయరామప్ప భార్య మద్దమ్మ ఒకటే అంటూ ఏడ్చింది: నోరెండి పోయినాడే, గుక్కెడు నీళ్లు పోసేవాళ్లు లేకపోయినారే అని. మునిరాజు పాడె మోశాడు. "రాత్రంతా డ్యూటీ చేసి అట్నే వచ్చినాడు పాపం" అని ఎవరో అన్నారు. అతనికి తల కొట్టేసినట్టయింది. అయినా కిక్కురుమనలేదు. అప్పటినుంచి ఊరికి పోయినా మద్దమ్మ ఇంటి ముందునుంచి కాక చుట్టూ తిరిగి గొర్రెల దొడ్డి వెనకనుంచి పోయేవాడు.

తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు. ఇతనికి అరవడానికి మైకు ఇచ్చారు.

తనూజ రాసిన పాట కాగితం మీద చూసినప్పుడు మునిరాజు నిలబడ్డచోటే ఉండిపోయాడు. అతని మాటతీరులోనే రాసింది.

*నాలుగో కేకకు చేరుకున్నాను
దోసిట్లో నీళ్లు తెచ్చినాను
ఎండిన గొంతులో పోసినాను*

"నీళ్ల సంగతి నేను కల్పించాను. పాపం ఆ మనిషికి చివర్లో ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది. వద్దంటే తీసేస్తాను" అంది తనూజ.

వద్దనాలి. వద్దంటే ఎందుకని అడుగుతుంది. పొయ్యలేదనాలి. మరి పరిగెత్తి వెళ్లి ఏం చేశావంటుంది. ఒక దారం లాగితే బట్టంతా ఊడిపోయేలా ఉంది. మునిరాజు కాగితం మడిచి జేబులో పెట్టుకుని "బాగుంది" అన్నాడు. ఈ ఒక్క మాటకు తర్వాత తనను తాను ఎన్నిసార్లు తిట్టుకున్నాడో లెక్కలేదు.

ఆల్బమ్ ఇంటర్నెట్‌లో పెట్టిన మూడో వారానికి ఆ పాట ఫోన్లలో చేతులు మారి చేతులు మారి ఊరంతా పాకింది. పాత అభిమానులు కొందరు శ్రీనివాసే బాగుండేవాడని, ఇదంతా చావు గోల అని సణిగారు. ఎక్కువమంది మాత్రం ఇంత చీకటి పాటలు, ఇంత నిజమైన గొంతు తామెప్పుడూ వినలేదని రాశారు. నిజమైన గొంతు అన్న మాట చదివినప్పుడల్లా మునిరాజుకు చెంప ఛెళ్లుమన్నట్టుండేది. క్యాంటీన్లో తమిళవాళ్లూ కన్నడవాళ్లూ కూడా దాన్ని నీళ్ల పాట అని పిలవసాగారు. ఎవరో ఫోన్లో పెడితే అతను తింటున్న పళ్లెం వదిలి లేచిపోయేవాడు.

ఒక సాయంత్రం కొత్త నంబరునుంచి ఫోన్ వచ్చింది.

"అన్నా, నేను లక్ష్మీప్రియని."

జయరామప్పకు ఒక్కతే కూతురు. హోసూరులోనే ఫోన్ల విడిభాగాల కంపెనీలో పనిచేస్తూ హాస్టల్లో ఉంటుంది. మునిరాజు గోడకు చేరగిలబడ్డాడు.

"ఆ కేక నాయనది కదన్నా. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. మా రూములో పిల్ల పెట్టింటే విని లేచి కూర్చున్నాను. అమ్మకు వినిపించినాను. ఆ నీళ్ల కాడికి వస్తానే మళ్లీ ఎయ్యి, మళ్లీ ఎయ్యి అనింది. నువ్వు ఆ రాత్రి పోయింటివని మాకు తెల్దన్నా. ఆదివారం మీ ప్రోగ్రాం ఉందంట కదా. అమ్మ వస్తానంటాంది. నీతో మాట్లాడల్లంట."

"రమ్మను" అన్నాడు. ఇంకేమనగలడు.

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు, బాగలూరు రోడ్డులో ఒక పెళ్లిళ్ల హాలు. ఇంకో గంటలో కచేరీ. వేదిక వెనక వంటపాత్రలు, ప్లాస్టిక్ కుర్చీలు పేర్చిన గది ఉంటే బృందాన్ని అక్కడ కూర్చోబెట్టారు. లక్ష్మీప్రియ తల్లిని తీసుకొచ్చి, ముందు వరసలో చోటు పట్టుకోవాలని వెళ్లిపోయింది. మద్దమ్మ చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చింది. యతీశ్ వాళ్లు లేచి, ఏదో సొంత విషయమని తెలిసి, బయటికి పోయారు.

"బాగుండావా అప్పా?"

"ఉండాను చిన్నమ్మా. కూర్చో."

కూర్చుంది. చేతిసంచి ఒళ్లో పెట్టుకుంది. ఈసారి వానలు ముందే పట్టుకున్నాయని చెప్పింది, అతని తల్లి మోకాలికి ఏదో ఆకు కట్టించానని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"నీమీద నాకేం కోపం లేదప్పా. ఓటీ ముగిచ్చుకోని, పెద్దాయన ఒక్కడే ఉండాడని ఎట్లో వచ్చింటావు. చూసి బెదిరిపోయింటావు. పోలీసోళ్లు అడుగుతారు, ఊర్లో వాళ్లు ఏమేమో అంటారు అని ఎవరికీ చెప్పకుండా పోయింటావు. నాకు అర్థమయింది."

మునిరాజు తప్పుకు అతనికే దొరకని సాకును ఆమె రాత్రులు కూర్చుని తయారుచేసి తెచ్చింది.

"రెండేండ్లుగా పొద్దున లేస్తానే ఒక చెంబు నీళ్లు ఎత్తుకోని పోయి మంచె కాడ పోసి వస్తాంటిని. ఊర్లో నవ్వినారు. నవ్వనీ. దప్పికతో పోయిన మనిషి ఆడాడే తిరుగుతాంటాడంటారే, అదీ నా బాధ. నీ పాట ఇన్న దినం నించి మానేసినాను." ఆమె ముందుకు వంగింది. "ప్రాణం పోయేటప్పుడు నీళ్లు పోసినోడు కొడుకు లెక్క. మాకు కొడుకు లేడు. వచ్చే నెల ఆయన తిథి. నువ్వు వచ్చి కూర్చోని పిండం పెట్టల్ల. అది అడగల్లనే వచ్చినాను."

మునిరాజు తల ఎత్తలేదు.

"ఒక్కటి చెప్పప్పా. నువ్వు పోసిన నీళ్లు మింగినాడా? లోపలికి పోయినాయా?"

మింగినాడు. ఒక్క మాట. ఆ ఒక్క మాట అంటే ఆమె తృప్తిగా లేచి పోతుంది, బతికినన్నాళ్లూ అతన్ని కొడుకా అని పిలుస్తుంది. అనడం పుణ్యమేనేమో అని కూడా అతనికి తోచింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ దాని వెంటే, తిథినాడు జయరామప్ప పేరు చెప్పి ఈ చేత్తోనే పిండం పెట్టడం కళ్లకు కట్టింది.

"నేను ఆడ లేను చిన్నమ్మా."

ఆమెకు వెంటనే అందలేదు. "ఎప్పుడు?"

"ఆ రాత్రి. నేను రాలేదు. నీళ్లు పొయ్యలేదు. అది పాటకోసం రాసిండేది. ఆయన కాడికి ఎవరూ పోలేదు." ఆగితే మళ్లీ చెప్పలేనని భయపడి ఒక్క గుక్కలో చెప్పేశాడు. "ఓటీ కూడా లేదు. ఊరికే చెప్పినాను."

"ఓటీ లేదా?"

"లేదు."

"మరి యాడ ఉంటివి?"

"రూములో. పండుకోనుంటిని."

బయట యతీశ్ గిటారు సరిచూసుకుంటున్నాడు. ఒకే తీగను మీటుతూ ఆపుతూ ఉన్నాడు. మద్దమ్మ సంచి కాడలను వేళ్లకు చుట్టుకుంది.

"ఆ దినం ఆయనకు జొరం" అంది చివరికి. "పోవద్దంటిని. పిల్లోడు రెండు షిఫ్టులు చేస్తాండాడంటనే, వాని వంతు మనం చూడకపోతే ఎట్ల, అన్యాయం గదా అనె. రెండు మాత్రలు ఏసుకోని పోయె."

మునిరాజు కుర్చీమీదనుంచి జారి ఆమె కాళ్లు అందుకోబోయాడు. ఆమె కాళ్లు కుర్చీ కిందికి లాక్కుంది. విదిలించడం కాదు, తిట్టడం కాదు. ముట్టుకోనివ్వలేదు, అంతే. అతనికి చచ్చిపోవాలనిపించింది.

"ఇప్పుడే అందరి ముందరా చెప్పేస్తాను చిన్నమ్మా. ఆ పాట పాడను. ఇంకెప్పుడూ పాడను."

"చెప్పి?"

మునిరాజు చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"చెప్పి నీ బరువు నువ్వు దించుకుంటావు. అది ఏమైపోవల్ల?" ఆమె తలుపువైపు, కూతురున్న హాలువైపు, గడ్డం ఎత్తి చూపింది. "రెండేండ్లు అది నిద్దరే పోలేదు. పగలంతా డ్యూటీ, రాత్రంతా నాయన అరిచినట్టు వినపడతాందని లేచి కూర్చునేది. ఇప్పుడు నీ పాట చెవిలో పెట్టుకోని పండుకుంటాంది. ఆ మూడు మాటలు వస్తానే నిద్దరపోతుందంట. నాకు చెప్పినావు, చాలు. దానికి చెప్పద్దు. ఎవరికీ చెప్పద్దు. ఆ పాట ఎట్లుందో అట్లే పాడు."

లేచి నిలబడింది. సంచి చంకన పెట్టుకుంది. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు పెడుతూ, వెనక్కి తిరగకుండా అంది.

"తిథికి మాత్రం రావద్దప్పా."

కచేరీ నాలుగున్నరకు మొదలైంది. హాలు నిండింది. కంపెనీ పిల్లలు, కాలేజీ పిల్లలు, క్రిష్ణగిరినుంచి బండ్లమీద వచ్చినవాళ్లు. మొదటి మూడు పాటలు ఎలా పాడాడో మునిరాజుకు తెలియదు. నాలుగోదానికి తనూజ కర్రలు పైకెత్తగానే హాలంతా ఒక్కసారి హోరెత్తి, మళ్లీ నిశ్శబ్దమైంది. ముందు వరసలో లక్ష్మీప్రియ ఫోన్ పైకెత్తి పట్టుకుంది. పక్కన మద్దమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుని అతన్నే చూస్తోంది.

రెండు పొట్టి కేకలు వేశాడు. ఆగి, మూడోది పొడుగ్గా వేశాడు. లక్ష్మీప్రియ ఫోన్ దించి తల్లి భుజంమీద తల పెట్టింది. నాలుగో కేకకు చేరుకున్నానని పాడాడు. దోసిట్లో నీళ్లు తెచ్చానని పాడాడు. ఎండిన గొంతులో పోశానని పాడుతుండగా మద్దమ్మ చెయ్యి కూతురి తలమీద మెల్లగా నిమురుతోంది, కళ్లు మాత్రం అతని మొహంమీదనుంచి కదలలేదు. ఆ పాదాలు పాటలో మూడుసార్లు వస్తాయి. మూడుసార్లూ పాడాడు.